సంజయుడు రేపు చెబుతానన్న రాత్రి



స్మారకోపన్యాసం అంటారు, ఎవరి స్మారకమో మాత్రం కరపత్రంలో లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. మాస్టారి పిల్లలు ఈ ఉపన్యాసానికి ధర్మనిధి ఇచ్చేటప్పుడే మాట తీసుకున్నారు. నాన్నగారి పేరు బ్యానరు మీద వేయకూడదు, ఫొటో పెట్టి దండ వేయకూడదు, ఒక ఏడు జగ్గయ్యపేటలో, ఒక ఏడు నందిగామలో పదిమందికీ పనికొచ్చే విషయం మీద ఎవరిచేతైనా మాట్లాడించాలి, అంతే. కనుక నేనూ ఆయన్ని మాస్టారు అనే అంటాను. ఇక్కడున్నవాళ్ళలో చాలామందికి ఆ మాట చాలు.

నేను డాక్టర్ని కాను. ఉద్యోగమంతా విజయవాడలో ఒక పత్రిక డెస్కులో, ఎక్కువగా రాత్రి డ్యూటీల్లో గడిచింది. యుద్ధ వార్త అర్ధరాత్రి ఏ రూపంలో వస్తుందో, తెల్లారి మీ గుమ్మంలో పడేసరికి ఎంత మారుతుందో చూసినవాణ్ణి. ఆ అనుభవం కొద్దీ, యుద్ధ వార్తలు వినీ చూసీ మనసు చెదిరిపోయే మామూలు మనిషి సంగతి మాట్లాడతానన్నాను. కమిటీలో ఒక పెద్దాయన "మన మెట్ట ఊళ్ళకి యుద్ధమేందండీ, ఎరువుల ధరల మీద మాట్లాడరాదూ" అన్నారు. ఎరువుల దగ్గరికీ వస్తాను. అంతకంటే ముందు, మన ఊళ్ళకి యుద్ధం తెలియదన్న మాట ఒకటి సరిచెయ్యాలి.

1948 సెప్టెంబరు 13న హైదరాబాదు మీదికి నడిచిన భారత సైన్యంలో ఒక దళం మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలో బెజవాడ వైపు నుంచి బయల్దేరింది. అది వెళ్ళింది మన రోడ్డు మీదే. ఇవాళ మనం 65వ నంబరు జాతీయ రహదారి అంటున్న దారి పట్టుకుని కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా సాగింది. 17న నిజాం లొంగిపోయాడు. పుస్తకాల్లో అది అయిదు రోజుల వ్యవహారం. ఇక్కడి జనానికి మాత్రం ఏడాదికి పైగా సాగిన భయం. సరిహద్దు కూడా ఒక తీరుగా ఉండేది కాదు. మునగాల పరగణా మన నందిగామ తాలూకాది, దాని చుట్టూ నిజాం భూమి. 1959లో నల్గొండలో కలిసేదాకా అది కృష్ణా జిల్లాలోనే ఉంది. ఇటు పరిటాల చూస్తే నిజాంది, దాని చుట్టూ మన జిల్లా. ఎద్దు తాడు తెంపుకుని పరిగెత్తితే వేరే రాజ్యంలో తేలే ఊళ్ళు ఇవి. రజాకార్ల దాడులకు తాళలేక నల్గొండ, వరంగల్లు జిల్లాల నుంచి జనం మూటా ముల్లే పట్టుకుని ఇటు వచ్చారు. సరిహద్దు వెంబడి శిబిరాలు వెలిశాయి.

అప్పుడు వార్త ఎలా వచ్చేది? ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది ఆ ఏడు డిసెంబరు 1న. యుద్ధం జరిగే నాటికి అది లేదు. రేడియో ఉన్న ఇల్లు ఊరికి ఒకటో అరో. బెజవాడ నుంచి వచ్చే పేపరు ఒకటి పదిమంది చేతులు మారేది. వీటన్నిటికంటే ముందు మనిషే వార్త మోసుకొచ్చేవాడు. కాళ్ళు పగిలి, చంకలో పిల్లతో వచ్చిన మనిషి.

మా నాయనమ్మ ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఒక సంగతి ఎప్పుడూ చెప్పేది. రాత్రిపూట కుక్క మొరిగితే ప్రాణాలు అరచేతిలోకి వచ్చేవట. పగలు మాత్రం భయపడే తీరిక ఉండేది కాదట. వచ్చినవాళ్ళకి జొన్నలు దంచాలి, పసిపిల్లలకి పాలు చూడాలి, గొడ్లకి చొప్ప వేయాలి. ఆవిడ దీన్నేదో గొప్ప విషయంగా చెప్పేది కాదు, పని ఎక్కువై నడుము పడిపోయిందని ఫిర్యాదుగా చెప్పేది. నాకు మాత్రం ఇవాళ చెప్పదలచిన విషయమంతా ఆ ఫిర్యాదులోనే ఉందనిపిస్తుంది. చేతికి పని ఉన్న భయం ఒక రకం, పని లేని భయం ఇంకొక రకం. యుద్ధ వార్త మనలో పుట్టించేది చాలావరకు రెండో రకం. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఈ తేడా వ్యాసుడికి బాగా తెలుసు. ఉద్యోగపర్వంలో సంజయుడు పాండవుల దగ్గరికి రాయబారం వెళ్ళి రాత్రివేళ తిరిగివస్తాడు. ధృతరాష్ట్రుణ్ణి కలిసి నాలుగు నిష్ఠురాలాడి, ధర్మరాజు చెప్పి పంపిన మాట రేపు సభలో చెబుతాను, ప్రయాణం చేసి అలసిపోయాను అని ఇంటికి వెళ్ళిపోతాడు. ఇక ఆ ముసలి రాజు అవస్థ చూడాలి. మంచి వార్తా, చెడ్డ వార్తా తెలియదు. ఒళ్ళు కాలిపోతుంది, కన్ను మూతపడదు. విదురుణ్ణి పిలిపించుకుని తెల్లవార్లూ కూర్చోబెట్టుకుంటాడు. ఆ భాగానికి సంస్కృత భారతంలో ప్రజాగర పర్వమనే పేరు. మనం విదురనీతి అని గోడల మీద రాసుకునే మాటలన్నీ యుద్ధ వార్త కోసం నిద్రకు దూరమైన ఒక మనిషికి చెప్పినవి.

విదురుడు ఆయనకు ఏం చెప్పాడు? కళ్ళు మూసుకుని పడుకో, అన్నీ సర్దుకుంటాయి అనలేదు. పాండవుల భాగం పాండవులకు ఇచ్చెయ్యి అన్నాడు. ధృతరాష్ట్రుడి దిగులుకు మందు ధృతరాష్ట్రుడి చేతిలోనే ఉంది. అది వేసుకోకుండా రాత్రంతా నీతులు విన్నాడు, తెల్లారి మళ్ళీ కొడుకు మాటే నెగ్గనిచ్చాడు. యుద్ధం మొదలయ్యే ముందు వ్యాసుడు వచ్చి దివ్యదృష్టి ఇస్తానంటే, చుట్టాలు చావడం చూడలేను గాని విడవకుండా వింటాను అన్నాడు. ఆ తర్వాత పద్దెనిమిది రోజుల పోరూ వింటూ, మూర్ఛపోతూ, లేచి "తర్వాత ఏమైంది సంజయా" అని అడుగుతూ గడిపాడు. మన భాషల్లో యుద్ధ వార్తల శ్రోత అంటే ఇంతకంటే పూర్తి బొమ్మ నాకు కనిపించలేదు. తేడా ఒక్కటే. ఆయన చేయగలిగి చేయలేదు. మనం ఇక్కడ కూర్చుని చేయగలిగింది బహు తక్కువ, అయినా ఆయనలాగే అడుగుతూ ఉంటాం.

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. 2025 మే 8 రాత్రి. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో పర్యాటకుల్ని కాల్చి చంపారు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ జరిగింది. 8వ తేదీ రాత్రి జమ్ము మీదికి డ్రోన్లు వచ్చాయి, పంజాబులో చాలా ఊళ్ళలో దీపాలు ఆర్పేశారు, ధర్మశాలలో జరుగుతున్న ఐపీఎల్ మ్యాచి మధ్యలో ఆపేశారు. మా వీధిలో ఒక చెల్లెమ్మ కొడుకు పంజాబులో ఒక యూనివర్సిటీలో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నాడు. పదకొండు గంటలప్పుడు ఆవిడ వచ్చి మా తలుపు కొట్టింది. "అన్నయ్యగారూ, మీకు పత్రికలవాళ్ళు తెలుసు కదా, ఒక్కసారి కనుక్కుని చెప్పండి" అంది.

వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో టీవీ పెద్ద సౌండులో మోగుతోంది. ఫోను చార్జింగు అయిపోతుందని స్విచ్ బోర్డు నుంచి సోఫా దాకా వైరు లాగి, ఆ వైరుతోనే మాట్లాడుతోంది. రెండో ఫోనులో వాట్సాప్. అన్నం కంచం కలిపింది కలిపినట్టే ఉంది. టీవీలో సైరన్ మోత ఆగకుండా వస్తోంది. ఆ సైరన్ జమ్ములో మోగుతున్నది కాదు, స్టూడియోలో వేస్తున్నది. అది ఆమెకు ఎలా తెలుస్తుంది? నందిగామలో ఆ ఇంట్లో కూర్చున్న నాకే ఒళ్ళు జలదరించింది. ఆ మే నెలలోనే కేంద్రంలోని పౌరరక్షణ విభాగం, కార్యక్రమాల్లో సైరన్ శబ్దాలు వాడకండి, నిజమైన సైరన్ మోగినప్పుడు జనం పట్టించుకోకుండా పోతారు అని చానెళ్ళకు చెప్పవలసి వచ్చింది. ఆ ఒక్క రాత్రే దేశంలో పేరున్న చానెళ్ళు కరాచీ రేవు ధ్వంసమైందన్నాయి, ఇస్లామాబాదు మన చేతికి వచ్చిందన్నాయి, పాకిస్తాన్‌లో సైన్యం తిరగబడిందన్నాయి. తెల్లారేసరికి ఒక్కటీ నిలబడలేదు.

ఇంతలో కుర్రాడు ఫోనెత్తాడు. స్పీకరులో విన్నాను. "అమ్మా, ఇక్కడ లైట్లు తీసేశారు, మేం పడుకున్నాం. నువ్వు పావుగంటకోసారి చేస్తే మా రూములో వాళ్ళు కూడా లేస్తున్నారు. నీకు టీవీలో కనపడేది మాకు ఇక్కడ కనపడటంలా" అన్నాడు. యుద్ధానికి దగ్గర్లో ఉన్నవాడు నిద్రపోవాలంటున్నాడు, దేశానికి ఈ కొసన ఉన్న తల్లి వణికిపోతోంది.

ఇది ఆ తల్లి ఒక్కదాని బలహీనత కాదు. 2013 ఏప్రిల్‌లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పరుగు దగ్గర బాంబులు పేలాయి. అప్పట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్‌లో పనిచేస్తున్న అలిసన్ హోల్మన్, డానా రోజ్ గార్ఫిన్, రాక్సేన్ కోహెన్ సిల్వర్ ఆ తర్వాతి వారాల్లో 4,675 మందిని విచారించారు. పేలుడు చోట ఉన్నవాళ్ళకంటే, ఆ తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలూ, అంతకు మించీ ఆ వార్తలే చూసినవాళ్ళలో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. పొగ పీల్చినవాడికంటే పొగని తెర మీద వందసార్లు చూసినవాడు ఎక్కువ కుదేలయ్యాడన్నమాట. జరిగిన చోట ఉన్నవాడికి అది ఒకసారి జరిగి అయిపోతుంది. తెర ముందున్నవాడికి అది అయిపోదు.

ఇంకో పరిశోధన చిన్నదే గాని మన ఇళ్ళకు బాగా వర్తిస్తుంది. 1997లో వెండీ జాన్‌స్టన్, గ్రాహం డేవీ అనే ఇద్దరు బ్రిటన్‌లో కొందరికి 14 నిమిషాల టీవీ వార్తలు చూపించారు. కొందరికి మంచి వార్తలే ఏరి, కొందరికి మామూలువి, కొందరికి అన్నీ చెడ్డవి. చెడ్డ వార్తలు చూసినవాళ్ళు దిగులుపడటం వింత కాదు. వాళ్ళు వార్తతో సంబంధం లేని తమ సొంత బాధల్ని కూడా మరీ పెద్దవి చేసుకుని చూశారు. ఇది మన అనుభవమే. రాత్రి బాంబుల వార్త చూసి పడుకున్న మనిషికి నిద్రలో బాంబు కనపడదు. కూతురి సంబంధం కుదరదేమో, బ్యాంకు నోటీసు వస్తుందేమో, షుగరు ముదిరిందేమో అని తోస్తుంది. పొద్దున్నే ఇంట్లో గొడవ ఆ దిగుళ్ళ మీదే వస్తుంది. టీవీ మీద ఎవరికీ అనుమానం రాదు.

మగవాళ్ళ సంగతి ఇంకా తమాషా. మన ప్రాంతంలో మగాడు "నాకు భయంగా ఉంది" అనడు. టీకొట్టు దగ్గర సెంటర్లో నిలబడి, వాళ్ళని లేపెయ్యాలి, ఒక్క బాంబు చాలు అని గొంతు పెంచుతాడు. అరిచేది నిజంగా కోపం కొద్దీనా, గుబులు కొద్దీనా అన్నది ఆ రాత్రి ఆయన ఎన్ని గంటలకి పడుకున్నాడో, ఎంత తాగి పడుకున్నాడో ఇంట్లోవాళ్ళని అడిగితే తెలుస్తుంది.

మాస్టారి దగ్గరికి వస్తాను. 1965 యుద్ధం నాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. ఆయన సోషలు చెప్పేవారు. బడి వరండాలో ఒక నల్లబల్ల ఉండేది. ప్రతిరోజూ పొద్దున రేడియోలో తెలుగు వార్తలు విని, సైకిలు మీద వచ్చి, ప్రార్థనకు ముందు ఆ బల్ల మీద వార్తలు రాసేవారు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఎన్ని జరిగినా మూడు వార్తలకు మించి రాసేవారు కాదు. ప్రతి వార్త కిందా ఎవరు చెప్పారో రాసేవారు: ఆకాశవాణి, ఫలానా పేపరు, లేదంటే ‘బస్సులో విన్నది’ అని. బస్సులో విన్నదానికి పక్కనే ప్రశ్నార్థకం. పక్కన సుద్దతో చిన్న పటం గీసి, ఆ ఊరు ఎక్కడుందో చుక్క పెట్టేవారు. మర్నాడు పొద్దున ఆ బల్ల తుడిచేముందు నిన్నటి వార్తల్లో ఏది నిజమైంది, ఏది కాలేదు అని మమ్మల్ని అడిగేవారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిందన్న వార్త వచ్చినప్పటికి నేను బడి దాటిపోయాను. అప్పుడు కూడా బల్ల నడిచిందని తమ్ముళ్ళు చెప్పారు.

పాతికేళ్ళ పైన డెస్కులో పనిచేశాక ఆ నల్లబల్ల విలువ తెలిసింది. టెలిప్రింటరు రోజుల్లో పెద్ద వార్త వస్తే యంత్రం గంట కొట్టేది. గంట వినగానే అందరం లేచి దాని చుట్టూ చేరేవాళ్ళం. మొదటి ముక్కలో వచ్చిన సంఖ్య రెండో ముక్కలో మారేది, మూడో ముక్కలో ఊరి పేరే మారిపోయేది. జగ్గయ్యపేట, నందిగామలకు వచ్చేది డాక్ ఎడిషను. అది త్వరగా మూసెయ్యాలి కనుక, నిలకడ లేని ముక్కల్ని పక్కన పెట్టి, తేలినంతవరకే వేసేవాళ్ళం. మా పేపర్లో వార్త ఆలస్యమని మీరు తిట్టుకునేవారు. ఆ ఆలస్యమే అబద్ధాల్లో సగాన్ని మీ గుమ్మం దాకా రానివ్వలేదు. ఇవాళ యంత్రం గంట మోగేది మీ జేబులో. రెండో ముక్క వచ్చేదాకా ఆగమని చెప్పే సబెడిటరు అక్కడ లేడు, ఆ ఉద్యోగం మీరే చెయ్యాలి. నేను మాత్రం ఒక లెక్క పెట్టుకున్నాను. దాడి, మరణాలు, స్వాధీనం అనే మాటలున్న ఏ వార్తనైనా మర్నాటి పేపరు చూసేదాకా నమ్మను, ఎవరికీ పంపను. అందువల్ల నాకు ఇంతవరకు పోయింది లేదు.

ఆ చెల్లెమ్మ ఏం చేసిందో చెప్పాలి కదా. ముందు టీవీ కట్టేయమన్నాను. నా మాట విని కాదు, కొడుకు విసుక్కున్నాడని కట్టేసింది. పొద్దున ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి నేనే చేస్తాను, మధ్యలో నువ్వు చెయ్యొద్దు, ఏదైనా ఉంటే నేనే చెబుతాను అని కొడుకు మాట తీసుకున్నాడు. మర్నాడు ఆవిడకి పని దొరికింది. ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ భవన్‌లో మన విద్యార్థుల కోసం కంట్రోలు రూము పెట్టారు. ఆ నంబరుకి ఫోను చేసింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రుల్ని వెతికి పట్టుకుంది. పాలలెక్క రాసే పుస్తకంలో వెనకనుంచి మొదలుపెట్టి, పిల్లాడి పేరు, ఏ ఏడు, ఏ హాస్టలు, ఢిల్లీకి బయల్దేరాడా లేదా అని గళ్ళు గీసి రాసింది. సాయంత్రానికి ఆ పుస్తకం కోసం జనం ఆవిడకే ఫోన్లు చేస్తున్నారు. మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయి. ఆ వార్త నేను వెళ్ళి చెప్పేదాకా ఆవిడకి తెలియదు, టికెట్ల పనిలో ఉంది.

కొడుకు అక్కడ ఉన్నాడు కనుక ఆవిడకి పని దొరికింది. మన ఇంటి మనిషి ఎవరూ లేని యుద్ధం సంగతేమిటి? అక్కడే చిక్కు. ఎరువుల పెద్దాయనకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. పొద్దుతిరుగుడు నూనె మనకు ఎక్కువగా ఆ రెండు దేశాల నుంచే వచ్చేది. కొద్ది రోజుల్లోనే ప్యాకెట్టు రెండొందల వైపు ఎగబాకింది. ఎరువుల ధరలూ కదిలాయి. పత్తీ మిరపా వేసే రైతుకి అది పనికొచ్చే వార్త. కాంప్లెక్సు బస్తాలు ఎప్పుడు కొనాలి, ఎన్ని కొనాలి అని తేల్చుకోవాలి. దానికి రోజుకి పది నిమిషాల వార్త చాలు. మిగతా మూడు గంటలు మంటల్లో కాలుతున్న భవనాన్ని చూస్తూ కూర్చుంటే బస్తా ధర తగ్గదు, ఖార్కివ్‌లో ఎవరికీ మేలు జరగదు. కనుక నేను అడిగేది ఒక్కటే. ఈ వార్త విన్నాక నేను చెయ్యవలసిన పని ఏదైనా ఉందా? ఉంటే ఆ పనికి కావలసినంత విను. లేకపోతే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి విను. పడుకునేముందు వద్దు.

మున్నేరు విషయంలో మనకి ఈ తెలివి పుట్టుకతోనే ఉంది. 2023 జులైలో ఐతవరం దగ్గర మున్నేరు రహదారి మీదికి వచ్చి హైదరాబాదు బస్సులు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో పెనుగంచిప్రోలు నీళ్ళలో చిక్కుకుంది. ఆ రాత్రులు మీరు టీవీ చూస్తూ కూర్చోలేదు. పైన ఎంత వదిలారో ఫోనులో అడిగారు, గొడ్లని మెరకకి తోలారు, బియ్యం అటక మీద పెట్టారు, ముసలివాళ్ళని బడిలోకి చేర్చారు. భయం లేకనా? ఉంది. వార్తని ఎంతవరకు వాడుకోవాలో అంతవరకే వాడుకున్నారు.

ఇంట్లో చెయ్యగలిగిన చిన్న చిన్న విషయాలు కొన్ని. వీడియోకంటే చదవడం మేలు. అక్షరం సైరన్ మోగించదు, చదివేవాడు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. ఫోనులో వీడియోలు వాటంతటవే నడవకుండా చేసే ఏర్పాటు ఉంటుంది, మీకు రాకపోతే ఇంట్లో పదో తరగతి పిల్లని అడగండి, అరనిమిషంలో చేసిపెడుతుంది. పడకగదిలో ఫోను పెట్టుకోకండి. అలారం కోసం అంటారు, గడియారం కొనుక్కోండి. గుండె దడ మొదలైనప్పుడు ఊపిరి నెమ్మదిగా, తీసుకున్నదానికంటే వదలడం నిదానంగా ఉండేట్టు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బొమ్మలతో ఒక చిన్న పుస్తకం తెచ్చింది. మనసు సుడి తిరుగుతున్నప్పుడు పాదాలు నేలకి గట్టిగా ఆన్చి, చుట్టూ ఏం కనపడుతోంది, ఏం వినపడుతోంది అని గమనించమంటుంది అది. దిగులు పొమ్మంటే పోదు, అది ఉండగానే మళ్ళీ చేతిలో పని మీదికి రమ్మంటుంది. తేలిగ్గా కనిపిస్తుంది గాని, అలవాటు పడటానికి కొన్నాళ్ళు పడుతుంది. దడ లేని రోజుల్లో కూడా చేసి చూడండి.

పిల్లల ముందు ఈ వార్తలు నడపకండి. వాళ్ళు మనకంటే ఎక్కువ వింటారు, తక్కువ అడుగుతారు. అయిదో తరగతి పిల్లవాడికి జమ్ము ఎక్కడో తెలియదు, మన వీధి చివర అనుకుంటాడు. వాడికి ధైర్యం చెప్పేముందు వాడు ఏం విన్నాడో అడగండి. తర్వాత పటం తెచ్చి, నందిగామ మీద ఒక వేలు, జమ్ము మీద ఒక వేలు పెట్టించండి. రైల్లో రెండు వేల కిలోమీటర్ల పైమాటే. మాస్టారు సుద్దముక్కతో చేసింది ఇదే. అబద్ధం చెప్పి ఊరడించవద్దు, యుద్ధం లేదనకండి. పెద్దవాళ్ళు చూసుకుంటున్నారు, మనం ఇక్కడ ఉన్నాం, రేపు బడి ఉంది అని చెబితే చాలావరకు సరిపోతుంది.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల పాటు నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, ఉన్నట్టుండి ఊపిరాడక ప్రాణం పోతుందేమో అనిపించినా అది ఉపన్యాసాలతో పోయేది కాదు. 2022 అక్టోబరులో కేంద్రం టెలీ మానస్ అని ఒక ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ, డబ్బులేమీ లేకుండా, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చుకునే అలవాటు మనలో ఉంది. ఆల్ప్రాజోలం లాంటివి అలా వాడితే మందుకే బానిసై కూర్చుంటారు. అది మాత్రం చెయ్యకండి.

చివరికి ఒక ప్రశ్న మిగిలింది. దీన్ని నేను దాటవేస్తే మీలో కొందరు బయట పట్టుకుని అడుగుతారు. అక్కడ గాజాలోనో, ఉక్రెయిన్‌లోనో పసిపిల్లలు చచ్చిపోతుంటే, టీవీ కట్టేసి హాయిగా నిద్రపొమ్మంటారా, ఇది స్వార్థం కాదా అని. ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు గౌరవం. మనసు చెదరకపోవడం ఆరోగ్యమని నేననను. అవతలివాడి చావు చూసి చలించనివాడికి నా సలహాలతో పని లేదు. అయితే డెస్కులో ఉండగా నేను గమనించింది ఇది. యుద్ధం మొదటి వారంలో రోజూ మాకు ఉత్తరాలు రాసినవాళ్ళు, చందాలు ఎక్కడ ఇవ్వాలని అడిగినవాళ్ళు, నెల తిరిగేసరికి ఆ పేజీ తిప్పేసేవాళ్ళు. మొదట్లోనే మితిమీరి చూసి మొద్దుబారిపోయినవాళ్ళు మళ్ళీ ఆ వైపు చూడరు. కొద్దికొద్దిగా, చాలాకాలం చూసినవాళ్ళే ఆరు నెలల తర్వాత కూడా ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకుని, డబ్బు పంపడమో, వచ్చినవాళ్ళకి గది అద్దెకివ్వడమో చేశారు. 1948లో ఈ ఊళ్ళకి వచ్చినవాళ్ళకి కావలసింది మన కన్నీళ్ళకంటే ముందు పిడికెడు జొన్నలు.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. ప్రశ్నలుంటే అడగండి, నాకు తెలిసినంత చెబుతాను. మందుల సంగతి మాత్రం నన్నడగవద్దు, మూడో వరసలో డాక్టరు గారు కూర్చున్నారు.